మంచు ఇసుక, దేవదారు: చలి వాసనలు మనవి కావా?



పోయిన నెల మన యువజన విభాగం పిల్లలు గుంపులో చిన్న చిన్న అత్తరు సీసాల ఫోటోలు పెట్టారు. సారాయి కలపని నూనె అత్తర్లు అవి. ఒక దానిలో మంచు పడిన అడవి, ఒక దానిలో దేవదారు కట్టె పొగ, ఇంకొక దానిలో చల్లని రాతి గుడిలో సాంబ్రాణి అని అమ్మేవాళ్ళు వర్ణించుకున్నారు. దాని కింద మన పెద్దాయన ఒకరు, "ఇవన్నీ తెల్లవాళ్ళ వాసనలు, మనకు మల్లె, గంధం చాలవా?" అని రాశారు. చాలామంది అవునన్నారు. నేను అక్కడ జవాబు రాయలేదు. నాలుగు వాక్యాలతో తేలే సంగతి కాదు కనుక ఇక్కడ తీరుబడిగా రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు పూసుకుని చూసిన సంగతి చెప్పి, తరువాత చరిత్రలోకి వెళ్తాను. ఆ సీసాలు మూడు మా మేనల్లుడు తెచ్చి ఇచ్చాడు. ఎడమ మణికట్టు మీద ఒకటి, కుడి మణికట్టు మీద ఒకటి, మోచేతి మడత దగ్గర ఒకటి, ఒక్కొక్క చుక్క పెట్టుకున్నాను. రుద్దకూడదు, రుద్దితే ముందు వచ్చే వాసన తొందరగా పోతుంది. పార్సెల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు రిజిస్టరు రాసిన చెయ్యి కదా, టైము వేసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. పొద్దున 6:10కి మంచు సీసా ముక్కులోకి చల్లగాలి దూరినట్టు కొట్టింది. కర్పూరం, పుదీనా, ఏదో చెట్టు ఆకు నలిపిన పచ్చి వాసన. 6:30కి అందులో చలి పోయింది. 8 గంటలకు లేత కట్టె వాసన మాత్రం మిగిలింది. దేవదారు సీసా మొదట పెన్సిలు చెక్కినట్టు పొడిగా ఉంది, మధ్యాహ్నానికి తీపి కలిసింది. సాంబ్రాణి సీసా మొదట నిమ్మ తొక్కలా ఉండి, తరువాత పొగ అయి, మరునాడు స్నానం దాకా చేతినే ఉంది. మదురై ఎండలో ఇంతే. తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, బంక, చెక్క సరుకు నిలుస్తుంది. మూడింటిలో నాకు నచ్చింది దేవదారు. మా ఇంట్లో ఆవిడకు సాంబ్రాణి. మంచు సీసా ఇద్దరికీ పదిహేను నిమిషాల ముచ్చటే.

అసలు మంచుకు వాసన ఏముంది? చలి ఎక్కువైతే వాసన ఇచ్చే సరుకు గాలిలోకి లేవడమే తగ్గుతుంది. సీసాలో మంచు అంటే ముక్కును నమ్మించే పని. మెంథాల్ వంటివి చర్మంలో, ముక్కులో చలిని తెలిపే నరాలనే తట్టుతాయి. వేడి లేకపోయినా మిరపకాయ మండినట్టు, చలి లేకపోయినా పుదీనా చల్లబరుస్తుంది. ఈ చలి నరం గుట్టు 2002లో బయటపడింది. దాన్ని కనిపెట్టిన వారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

నరం సంగతి ఇప్పుడు తెలిసింది. పేరు మాత్రం మనవాళ్ళు ఏనాడో పెట్టారు. అమరకోశంలో కర్పూరానికి ఉన్న పేర్లలో ఒకటి హిమవాలుక. హిమం అంటే మంచు, వాలుక అంటే ఇసుక. మంచు ఇసుక! చూడడానికీ అలాగే ఉంటుంది, తగిలితే చల్లగానూ ఉంటుంది. ఎప్పుడూ మంచు చూడని దక్షిణాది పిల్లవాడు కూడా అమరం వల్లించేటప్పుడు ఈ మాట నోట పలికాడు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఈ మంచు ఇసుక హిమాలయాల నుంచి వచ్చింది కాదు. మేలైన కర్పూరం సుమత్రా దీవి పడమటి తీరంలో బారూస్ అన్న రేవు నుంచి వచ్చేది. భూమధ్యరేఖకు ఆనుకున్న ఊరు, ఏడాది పొడవునా ఉక్కపోత. అక్కడి అడవుల్లో చాలా ఎత్తుగా పెరిగే ఒక చెట్టు మానులో, పగుళ్ళలో ఈ కర్పూరం గడ్డకట్టి ఉంటుంది. తీయాలంటే చెట్టు కొట్టాలి. కొట్టిన ప్రతి చెట్టులోనూ ఉండదు. అందుకే అంత ధర. అరబ్బులు ఆ చోటును ఫన్సూర్ అన్నారు. అక్కడి కర్పూరం బంగారంతో సమంగా తూగి అమ్ముడుపోతుందని మార్కో పోలో రాశాడు. మనం పచ్చ కర్పూరం అనే మాటను మొదట వాడింది ఈ జాతి సరుకుకే. తిరుమల స్వామివారి నామానికి వాడేదీ పచ్చ కర్పూరమే.

తమిళ బడిలో చదివినవాడిగా నాకు ఒళ్ళు పులకరించే సంగతి ఒకటి ఉంది. బారూస్ పక్కన లోబు తువా అన్న ఊళ్ళో 1873లో ఒక రాతి శాసనం దొరికింది. శక సంవత్సరం 1010, అంటే 1088 నాటిది. భాష తమిళం. వేయించింది ఐన్నూట్రువర్, అంటే అయ్యావొళె ఐదు వందల స్వాములు అనే పెద్ద వర్తక సంఘం. ఓడ మీద వచ్చినవాళ్ళు కస్తూరి ధర లెక్కన బంగారంలో రుసుము కట్టాలని వాళ్ళు చేసుకున్న కట్టుబాటు అందులో ఉంది. కర్పూరం పుట్టిన చోట, కస్తూరి లెక్కలో, తమిళ అక్షరాలతో ఒక రాయి! నీలకంఠ శాస్త్రి గారు దీని మీద 1932లోనే రాశారు. తరువాత సుబ్బరాయలు గారు మళ్ళీ చదివి వివరించారు.

ఆ వర్తక సంఘం పుట్టిల్లు ఐహొళె, నేటి కర్ణాటకలో బాగల్‌కోట జిల్లా. వాళ్ళ శాసనాలు కన్నడంలో, తమిళంలో, తెలుగులో ఉన్నాయి. కనుక మన రాష్ట్రాంతర సంఘాల వాళ్ళకు వాళ్ళు ఎంతో దగ్గరగా తోస్తారు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ మధ్య కొందరు ఐన్నూట్రువర్ అంటే ఫలానా మన కులమే అని రాసి పంచుతున్నారు. బారూస్ రాతిలో కులం పేరు లేదు. ఎన్నో ఊళ్ళ, ఎన్నో భాషల వర్తకులు కలిసిన గుంపు అది. లేని దాన్ని రాతి మీద చదవకండి. ఉన్నదే చాలా ఉంది.

తెలుగు తీరంలో ఏముందంటే మోటుపల్లి ఉంది. చీరాల దగ్గరి ఈ ఊరు ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడు శక 1166లో, అంటే 1244-45లో ఇక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణం కన్నా ఎక్కువైన సొమ్మును వదిలి సుంకం మాత్రమే తీసుకుంటాం, రండి అని ఈయన మాట ఇచ్చాడు. సుంకం పడే సరుకుల పట్టీలో గంధం, కర్పూరం, చీనీ కర్పూరం, పన్నీరు, కర్పూర తైలం అన్నీ ఉన్నాయి. పార్సెల్ రేటు పట్టీలు చదివి చదివి అరిగిన నా కళ్ళకు ఆ శాసనం ఒక మంచి రేట్ల పుస్తకంలా కనిపిస్తుంది. కర్పూరం, చీనీ కర్పూరం అని రెండు వేర్వేరు పేర్లు రాశారంటే, రేవు గుమాస్తా వాటిని ముక్కుతో వేరు చేయగలిగినవాడే అయి ఉండాలి.

ఆ తరువాత కొండవీడు. కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం చల్లించి కర్పూర వసంతరాయలు అని పేరు తెచ్చుకున్నాడు. ఆ కర్పూరం తెప్పించి పెట్టినవాడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఇతనికే. తెనాసరిమ్, తవాయ్ రేవుల దాకా ఇతని ఓడలు తిరిగాయని, గంధం, అగరు, కర్పూరం, కుంకుమపువ్వు, కస్తూరి తెచ్చాడని అందులోనే చెప్పాడు. అక్కడ పన్నీరుకు కవి వాడిన మాట హిమాంబు. మంచు నీరు! కర్పూరం మంచు ఇసుక, పన్నీరు మంచు నీరు. మా మేనల్లుడి సీసా కన్నా ఆరు వందల ఏళ్ళ ముందే కొండవీట్లో మంచు వాసన అమ్మారు.

మన సంఘం సంచికలు ఏవి తిరగేసినా కత్తులు, కోటలు, నాయక రాజుల పటాలు, ఎవరు ఎవరి సేనాపతి అన్న తగాదాలే. తిప్పయ సెట్టికి ఒక్క పుట లేదు. ఓడల్లో, ఎడ్ల బళ్ళలో సరుకు తోలినవాళ్ళు, తూచినవాళ్ళు, సీసాలో పోసి ఇంటింటికీ అమ్మినవాళ్ళు మన పూర్వీకుల్లో లేరా? నాకు ఆ తూచేవాళ్ళే దగ్గర అనిపిస్తారు, నా ఉద్యోగం అటువంటిది కనుక.

ఇప్పుడు అసలు ప్రశ్న. కర్పూరం, పన్నీరు, గంధం, వట్టివేరు ఇవన్నీ ఎండలో చలువ కోసం. చలి కాలంలో ఏం చేసేవారు? చలి పుట్టించే వాసన వేరు, చలికి ఆగే వాసన వేరు. ఈ తేడా మన పాతవాళ్ళకు బాగా తెలుసు. ఈ కాలం సీసాల్లో రెండూ కలిపి పోసేస్తున్నారు.

దీనికి మంచి సాక్ష్యం తమిళంలో ఉంది. పత్తుప్పాట్టులో నక్కీరర్ రాసిన నెడునల్వాడై. సంగం కాలపు పాట, 188 పాదాలు. వాడై అంటే ఉత్తరం నుంచి వీచే చలిగాలి. (తమిళంలో వాడై అంటే వాసన అని కూడా అర్థం. ఈ కావ్యానికి రెండూ సరిపోవడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.) వానలు ఆగని చలికాలం. పసులు మేత మరిచి నిలబడతాయి, కోతులు ముడుచుకుంటాయి, గొల్లవాళ్ళు నిప్పుకు చేతులు కాచుకుంటారు. ఊళ్ళో ఇళ్ళలో ఉత్తరాది నుంచి వచ్చిన సాన, దక్షిణాది గంధం చెక్క, రెండూ పని లేక మూల పడి ఉంటాయి. విసనకర్రలు వేలాడుతూనే ఉంటాయి. మిద్దె మీద పెద్ద కిటికీల తలుపులు మూసేస్తారు. ఆడవాళ్ళు తగరపు కట్టెతో నిప్పు రాజేసి, నల్లని గట్టి అకిల్ చెక్కను, తెల్లని కండచక్కెర లాంటి అయిర్‌తో కలిపి పొగ వేసుకుంటారు. అకిల్ అంటే మన అగరు. చల్లని రాత్రి, అడవి కట్టె, నిప్పు, పొగ. పిల్లల సీసా మీద రాసిన వర్ణన ఇంతకన్నా ఏం చెప్పింది?

ఇప్పుడు చరక సంహిత తీయండి. హేమంత ఋతువులో ఒంటికి అగరు దట్టంగా పూసుకోమంటుంది. గ్రీష్మంలో గంధం. చలిని పోగొట్టే పది సరుకుల పట్టీ ఒకటి, మంటను చల్లార్చే పది సరుకుల పట్టీ ఒకటి వేర్వేరుగా ఇచ్చింది. చలి పట్టీ మొదట్లోనే తగరం, అగరు. మంట పట్టీలో గంధం, వట్టివేరు, సుగంధిపాల. తమిళ కావ్యంలో ఇల్లాలు నిప్పులో వేసిన రెండు పేర్లే సంస్కృత వైద్యుడి చలి పట్టీకి తలకాయలు! రెండు చోట్లా ఆ పేరున్న చెట్టు ఒక్కటేనా అన్నది వృక్షశాస్త్రం వాళ్ళు తేల్చుకోవాలి. తమిళనాట వెళ్ళకిల్ అనే పడమటి కనుమల చెట్టు ఒకటి ఉంది, అది అస్సాం అగరు జాతి కాదు. చలికి తగరమూ అగరూ అన్న జంట మాత్రం రెండు భాషల్లోనూ నిలబడింది.

ఈ పద్ధతి ఇంకా పోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు ఊరు. రాగి డేగ్‌లో సరుకు, నీళ్ళు పోసి, కట్టెలతో కాచి, వెదురు గొట్టం గుండా ఆవిరిని భప్కా అనే రాగి కుండలోకి పంపుతారు. భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు, అది వాసనను పట్టుకుంటుంది. అక్కడ అంగడిలో ఏ అత్తరు అడిగినా ముందు ఋతువు చూస్తారు. ఎండకు వట్టివేరు, గులాబీ, వాన పడిన మట్టి వాసన. చలికి శమామా, కస్తూరి, అంబర్. శమామాలో మూలికలు, సుగంధ ద్రవ్యాలు బోలెడు వేస్తారు. అందులో ఒకటి ఛరీలా, సంస్కృతంలో శైలేయం. ఏమిటది అనుకోకండి, మన వంటింట్లో కుర్మాకు, బిర్యానీకి వేసే కల్పాసి, రాతిపువ్వు. తడి రాయి, పాత చెట్టు బెరడు వాసన. యూరప్ అత్తర్లలో అడవి వాసన కోసం ఓక్ చెట్టు మీది పాచిని వాడుతూ వచ్చారు, అదీ ఈ జాతిదే. తెల్లవాళ్ళ వాసన అన్న పెద్దాయన ఇంట్లోనూ పోపుల డబ్బాలో ఒక గుప్పెడు అడవి ఉంటుంది.

లెక్కలు ఇష్టమున్నవాళ్ళకు ఒక మాట. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే రాశాడు. 16 సరుకుల్లో నాలుగేసి తీసుకుంటే 1820 జట్లు వస్తాయి. ఒక్కొక్క జట్టుకు పాళ్ళు మార్చి 96 రకాలు అన్నాడు. మొత్తం 1,74,720. ఆ పదహారులో గంధం, వట్టివేరు, కర్పూరం ఉన్నాయి, అగరు, తగరం, శైలేయం కూడా ఉన్నాయి. వాసనలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఈ కాలం పిల్లల పిచ్చి అనుకునేవాళ్ళు ఈ అంకె చూడాలి.

దేవదారు గురించి చెప్పకపోతే రైల్వే వాడిగా నాకు తృప్తి లేదు. దేవదారు అంటే దేవతల కట్టె. పశ్చిమ హిమాలయాల్లో మంచు పడే కొండల మీద పెరుగుతుంది. నిజంగా మంచు అడవి వాసన అంటే ఇదే. దాని నూనె కట్టెలోనే ఉంటుంది, అందుకే చెద పట్టదు, తొందరగా కుళ్ళదు. ఆ గుణమే దాని ప్రాణం తీసింది. 1850ల తరువాత రైలు పట్టాలు పరుస్తున్నప్పుడు మైలుకు 1760 నుంచి 2000 దాకా స్లీపర్లు కావలసి వచ్చాయి. ఉత్తరాదిలో సాల, దేవదారు కొట్టారు. ఫ్రెడరిక్ విల్సన్ అనే ఇంగ్లీషువాడు హర్సిల్‌లో కాపురం పెట్టి, దేవదారు దుంగలను భాగీరథిలో వదిలి కిందికి తేలించి రైల్వేకు అమ్మి కోటీశ్వరుడయ్యాడు. మన మదరాసు రాజధానిలోనూ 1850లలో స్లీపర్ల కోసం ఏడాదికి 35,000 చెట్లు కొట్టారని బడి పుస్తకాల్లోనే ఉంది. ఇలా అయితే కట్టె మిగలదని భయపడే 1864లో అటవీ శాఖ పెట్టి డీట్రిచ్ బ్రాండిస్‌ను తెచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంకా కట్టె స్లీపర్లు కనిపించేవి, క్రియోసోట్ తారు నూనె పట్టించి. ఎండకు ఆ తారు వాసన ప్లాట్‌ఫారం దాకా వచ్చేది. తరువాత కాంక్రీటు వచ్చింది. పొగ వాసన అత్తరు ఏది పూసుకున్నా నాకు మొదట తట్టేది యార్డే.

ఇక మాటల సంగతి. అగరుబత్తిలో అగరు ఉంది, ఊదువత్తిలో ఊదు ఉంది. అరబ్బీలో ఊద్ అంటే కట్టె, ముఖ్యంగా అగరు కట్టె. మన ఊదు ఆ ఊదే అని నా అభిప్రాయం, తమిళులు ఊదడం నుంచి వచ్చిందన్నా సరే. ఇప్పుడు ఆ రెండు వత్తుల్లోనూ పేరే గాని అగరు లేదు. బూజు పట్టి చెట్టు తనను కాపాడుకునేందుకు ఊరించే బంక అది, మామూలు చెట్టులో ఉండదు. ఉందేమో అని కొట్టి కొట్టి, చివరకు 1995లో అస్సాం అగరు జాతిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టీలో చేర్చవలసి వచ్చింది. కంపు అన్న మాట కూడా అంతే. పాత తెలుగులో మంచి వాసన, ఇప్పుడు తిట్టు. కర్ణాటకలోని మనవాళ్ళకు నవ్వొస్తుంది, కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే.

హారతి కర్పూరం మాట చెప్పి ఆపుతాను. బారూస్ చెట్లు తగ్గాక ప్రపంచం తైవాన్, జపాన్ కర్పూరం చెట్టు మీద పడింది. తైవాన్‌ను పట్టుకున్న జపాన్ 1899లో కర్పూరాన్ని సర్కారు గుత్తకు తీసుకుంది. సెల్యులాయిడ్‌కు, అంటే ఫిలిముకు, దువ్వెనకు, అది కావాలి మరి. ధర మండేసరికి పైన్ చెట్టు బంకలోంచి తీసే టర్పెంటైన్‌తో కర్పూరం చేయడం నేర్చుకున్నారు. ఇవాళ మన అంగళ్ళలో దొరికే హారతి కర్పూరం ఎక్కువగా ఈ దారిన వచ్చినదే. మార్గళి తెల్లవారుజామున మన గుళ్ళో వెలిగే తెల్లని బిళ్ళకు మూలం పైన్ అడవి. ఆ బిళ్ళను పిల్లల నోటికి అందనీయకండి, నూనెలో కలిపి ఒంటికి పూయకండి. పచ్చ కర్పూరం వేరు, ఇది వేరు.

వచ్చే సంచికలో మోటుపల్లికి, తిప్పయ సెట్టికి రెండు పుటలు ఇమ్మని కార్యదర్శి గారిని అడిగాను, చూద్దామన్నారు. ఒడిశా, యానాం, మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు మీ ఇళ్ళలో చలికాలం వేసే ధూపాన్ని ఏమంటారో, అందులో ఏయే కట్టె వేస్తారో ఉంటే నాకు పంపండి. పెద్దమ్మలను, నాయనమ్మలను అడిగి రాయండి, వాళ్ళు చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టే రాయండి.